ముట్టుకోని వాల్వు

అతన్ని అందరూ అరచుట్టు అనే పిలుస్తారు. అసలు పేరు జీతాల రోజున గుమాస్తా నోట మాత్రమే వినబడుతుంది. అప్పుడు కూడా ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని కాస్త ఆలస్యంగా లేస్తాడు. నీళ్ళు చాలట్లేదని ఎవరొచ్చి మొత్తుకున్నా, "అరచుట్టు తిప్పుతా, అంతకంటే తిప్పితే అవతలివాళ్ళ కొంప మునుగుతుంది" అనేవాడు. ఆ మాటే అతనికి అంటుకుపోయింది. పిల్లలు అరచుట్టు మామ అన్నారు, పెద్దవాళ్ళు ఉత్త అరచుట్టు అన్నారు. ఆఖరికి కట్టుకున్న భార్య కూడా ఒళ్ళు మండినప్పుడు "ఏం అరచుట్టూ, వినబడుతోందా?" అనేది.

అతని పని చెప్తాను. ఊరి పక్కన ఎత్తు మీద ట్యాంకు ఉంది. అక్కణ్ణుంచి ఒక పెద్ద పైపు దిగి, రోడ్డు మలుపులో ఉన్న సిమెంటు గుంటలో మూడుగా చీలుతుంది. ఒకటి కింది వీధికి, ఒకటి నడిమి వీధికి, ఒకటి మెట్ల పక్కనుంచి పై వీధికి. ఒక్కోదానికి ఒక్కో వాల్వు. పొద్దున్నే ట్యాంకు తెరిచి, నిలువెత్తు ఇనప కీ పట్టుకుని ఆ మూడింటినీ సర్దాలి. ఇందులో ఏముంది, మూడూ బార్లా తెరిచేస్తే పోలా అంటారేమో. తెరిచి చూడండి! నీళ్ళకి మొహమాటమా పాడా? పల్లం ఎటుంటే అటే పోతాయి. కింది వీధిలో బకెట్లు పొర్లిపోతుంటాయి, పై వీధిలో కుళాయి గాలి ఊదుతూ కూర్చుంటుంది.

అందుకని పై లైను వాల్వు ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంటుంది. దాన్ని ముట్టుకోకూడదు. అసలే అందనివాళ్ళది, దాన్ని సర్దడానికి ఏముంటుంది? అందుతున్నవాళ్ళని కాస్త నొక్కాలి, అంతే. కిందిది నొక్కితే నడిమిది ఎగిరిపడుతుంది. నడిమిది నొక్కితే కిందిది మళ్ళీ లేస్తుంది. ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం అంటూ ఆ రెంటినీ బుజ్జగిస్తూ పోతే, ఎప్పటికో మూడోదానికి ప్రాణం వస్తుంది. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో నేర్చుకున్న పాఠం అది. అప్పట్నుంచీ పై వాల్వు మీద అతని చెయ్యి పడలేదు.

మరి గుంట దగ్గర నిలబడ్డవాడికి, పైన చివరి ఇంట్లో నీళ్ళు పడ్డాయో లేదో ఎలా తెలుస్తుంది? ఆ చివరి ఇల్లు అతనిదే కాబట్టి తెలిసేది. నీళ్ళెక్కవని ఎవరూ దిగని ఇంట్లో పెళ్ళైన కొత్తలో అతనే కావాలని దిగాడు. "నీళ్ళాయన పెళ్ళాన్నై ఉండి అందరికంటే ఆఖర్న పట్టుకుంటున్నాను, ఏం భోగమో!" అని భార్య ఏళ్ళ తరబడి దెప్పింది. దెప్పుతూనే పొద్దున్నే కుళాయి తిప్పి, కింద బకెట్టు పెట్టి, పీట వేసుకుని కూర్చునేది. ధార పడగానే గుమ్మంలోకొచ్చి "వచ్చింది!" అని ఒక్క కేక పెట్టేది. దాన్ని పక్కింటి దర్జీ పిన్ని అందుకునేది. ఆమె దగ్గర్నుంచి మీసాల తాత, అక్కణ్ణుంచి కింద మెట్టు మీది ఇంటావిడ, అలా గొంతులు మారుతూ కేక గుంట దాకా దిగేది. "చాలా?" అని అతను పైకి అరిచేవాడు. అదీ అలాగే మెట్లెక్కేది. చాలనో, ఇంకొంచెం అనో జవాబు దిగేది.

మొగుడూ పెళ్ళాల మాటల్ని వీధి వీధంతా మోసేదన్నమాట. పైగా ఏం వింటే అదే అరవాలన్నది వాళ్ళ పద్ధతి, సొంత తెలివి వాడకూడదు. ఒకసారి పోట్లాట జరిగిన మర్నాడు ఆవిడ "వచ్చింది, చాలు, నాతో మాట్లాడకు!" అని అరిస్తే, మీసాల తాతతో సహా అందరూ ఒకరి తర్వాత ఒకరు "నాతో మాట్లాడకు" అని అరిచి మరీ గుంటలోకి దించారు. కింది వీధివాళ్ళు పగలబడి నవ్వారు. అతను కూడా ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు.

ఒక రోజు పొద్దున్న కేక రాలేదు.

అతను కింది లైను నొక్కాడు. కాసేపు చూసి నడిమిది నొక్కాడు. మళ్ళీ కిందిది. "వచ్చిందా?" అని అరిచాడు. అది పైదాకా వెళ్ళింది, జవాబు లేదు. కింది వీధి ఆడవాళ్ళు బిందెలతో వచ్చి మీద పడ్డారు, దారమంత ధార పడుతోంది, ఇదేం చోద్యమయ్యా అని. అతనికి చిర్రెత్తుకొచ్చింది. "మొద్దు నిద్ర పోతోందేమో మహారాణి! ఇంటికెళ్ళి చెప్తా దీని పని!" అని అందరి ముందూ అన్నాడు. అంటూండగానే మెట్ల మీంచి నీళ్ళు జారుతూ రావడం చూశాడు. ఆ వెనకే దర్జీ పిన్ని గొంతు వినబడింది. వచ్చిందని కాదు, అతన్ని రమ్మని.

భార్య పీట మీదే ఉంది. తల గోడకి ఆనించి, భుజం కుళాయికి ఆనించి ఉంది. బకెట్టు నిండి పొర్లి, నీళ్ళు వంటింట్లోంచి గదిలోకి, గదిలోంచి వీధిలోకి పోతున్నాయి. గుండె ఆగిపోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు. లోపలికొచ్చిన జనానికి నిలబడే చోటు లేదు, చీలమండల దాకా నీళ్ళు. "ముందు ఆ నీళ్ళు కట్టండర్రా!" అని ఎవరో అరిచారు. కుళాయి తిప్పితే సరిపోయేది. కానీ తిప్పాలంటే ఆవిణ్ణి కదపాలి, ఆవిణ్ణి ఎవరు కదుపుతారు? అందరూ నిలబడిపోయారు. అతనొక్కడే వెనక్కి తిరిగి, వస్తూ తెచ్చి గుమ్మం పక్కన ఆనించిన కీ తీసుకుని, మెట్లు దిగి వెళ్ళాడు. గుంటలోకి దిగి పై లైను వాల్వు కట్టేసి, మళ్ళీ మెట్లెక్కి వచ్చాడు. వాల్వులవాడికి వాల్వే తోచింది. భార్యని అలా వదిలి కీ పట్టుకుని దిగి వెళ్ళిన మనిషిని వీధంతా కళ్ళారా చూసింది. అతనికి మాత్రం ఆ వెళ్ళడమూ రావడమూ ఇప్పటికీ గుర్తు లేదు.

తర్వాత వానలు వచ్చాయి, పోయాయి. చలి పడింది. అతను ఒక్క పొద్దు కూడా పని మానలేదు. "ఎంత నిబ్బరమైన మనిషో" అని కింది వీధిలో చెప్పుకున్నారు. నిబ్బరమా నా తలకాయా! అతనికి ఏమీ అనిపించట్లేదు, అంతే. ఏడుపు రాలేదు. ఆకలి వేసేది కాదు, ఎవరైనా పెడితే తినేవాడు, ఏం తిన్నాడో చెప్పలేడు. స్నానం ట్యాంకు దగ్గరి గదిలోనే కానిచ్చి, తాగడానికి ఒక డబ్బాడు నీళ్ళు అక్కడే పట్టుకుని ఇంటికి తెచ్చుకునేవాడు. వంటింట్లోకి అడుగు పెట్టేవాడు కాదు. ఎవరేమన్నా "సరే" అనేవాడు. బాగున్నావా అంటే సరే, వానొచ్చేలా ఉంది అంటే సరే.

పనిలోనూ అంతే. ట్యాంకు తెరిచి, కిందిదీ నడిమిదీ అలవాటైన చోటికి తిప్పి, కీ గోడకానించి కూర్చునేవాడు. కేక వచ్చేది కాదు. కేక పెట్టే మనిషే లేనప్పుడు ఎలా వస్తుంది అనుకున్నాడు, అంతకంటే ఆలోచించలేదు. మూడో వాల్వు ముట్టుకునేది కాదు కనక దానివంక చూడనేలేదు. పైకి పోవలసిన నీళ్ళు కూడా కలిసొచ్చి కింది రెండు వీధులూ కళకళలాడాయి. "ఈ మధ్య నీళ్ళు ఎంత బాగా వస్తున్నాయో!" అని అతనితోనే అన్నారు. సరే అన్నాడు.

ఇక పై వీధి. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. అంత గొంతులున్న మనుషులు ఒక్కరంటే ఒక్కరు నోరెత్తలేదు! కావాలనే కట్టేశాడనుకున్నారు వాళ్ళు. ఆ కుళాయి చప్పుడు వినలేక, ఇంటికి నీళ్ళు రాకుండా చేసుకున్నాడనుకున్నారు. "పాపం, మనసు కుదుటపడ్డాక తనే తెరుస్తాడు. ఎవరూ అడక్కండి" అని దర్జీ పిన్ని అందరి దగ్గరా మాట తీసుకుంది. అతను గుంట దగ్గరున్న వేళలోనే వెనక సందులోంచి నడిమి వీధికి దిగి, అక్కడి కుళాయిల్లో పట్టుకుని మోసుకెళ్ళారు. అతను తిరిగొచ్చేసరికి అందరి గుమ్మాల్లోనూ ఎప్పటిలాగే నిండు బిందెలుండేవి. పిన్నికి మోకాళ్ళు వాచి మిషను తొక్కడం మానేసింది. తెలిసి తెలిసి వాళ్ళు అతన్ని నొప్పించకూడదనుకున్నారు, తనేం చేశాడో అతనికే తెలియదని ఒక్కరికీ తట్టలేదు.

నీళ్ళ ఆఫీసులో మాత్రం ఇంకోలా అనుకున్నారు. పై వీధి నుంచి ఫిర్యాదు లేదు, వాడకం లేదు. కింద కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లవాళ్ళు కనెక్షన్ అడుగుతున్నారు. ఒక సాయంత్రం సూపర్‌వైజరు గుంట దగ్గరికి వచ్చాడు. చెడ్డవాడేం కాదు, నెమ్మదస్తుడు.

"పైకి నీళ్ళెక్కట్లేదు కదా? నేను వెళ్ళి చూశాను, ఏ కుళాయీ చుక్క కార్చట్లేదు. ఆ లైనుకి అడ్డంగా ఇనప బిళ్ళ వేసి బిగించేద్దాం. పైవాళ్ళకి వారానికి రెండుసార్లు ట్యాంకర్ పంపిస్తాం. ఏమంటావ్?"

"సరే సార్" అన్నాడు అరచుట్టు.

"ఇన్నేళ్ళు చూసినవాడివి. ఎక్కుతాయంటే ఎక్కుతాయని చెప్పు, బిళ్ళ మానేస్తాను. ఒకసారి వేశాక మళ్ళీ తీయడం నా చేతుల్లో ఉండదు."

"ఏమో సార్. ఎక్కట్లేదంటే ఎక్కట్లేదేమో."

మంచిది, ఎల్లుండి పొద్దున్నే మనుషుల్ని పంపిస్తానని సూపర్‌వైజరు వెళ్ళిపోయాడు. ఒక వీధి గొంతు నొక్కడానికి అతను తల ఊపి, కీ భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. ఏమీ అనిపించలేదు.

మర్నాడు మధ్యాహ్నం బస్సు దిగి అతని అక్క వచ్చింది. ఊరికే రాలేదు, తమ్ముడు ఫోనులో ప్రతిదానికీ సరే సరే అంటున్నాడని అనుమానమొచ్చి వచ్చింది. ఒకరిని అడిగి ఏదైనా చేసే మనిషి కాదావిడ. వస్తూనే కిటికీలు తెరిచింది, దుప్పట్లు దులిపింది, వంటింట్లోకి వెళ్ళింది. లోపల్నుంచే మొదలుపెట్టింది.

"ఏంట్రా ఇది? కుళాయి తెరిచే ఉంది, చుక్క నీరు లేదు! బకెట్టులో సాలీడు కాపురం పెట్టింది. ఊరందరికీ నీళ్ళిచ్చేవాడివి, కాళ్ళు కడుక్కోవడానికి నీ ఇంట్లో నీళ్ళు లేవా? సిగ్గుగా లేదూ?"

"డబ్బాలో ఉన్నాయక్కా."

"డబ్బాలో! చేపపిల్లని పెంచుకుంటున్నావా?"

అతను నవ్వలేదు. ఆవిడ అతని ముఖం చూసి, పక్కింటికి వెళ్ళింది. దర్జీ పిన్ని దగ్గర చాలాసేపు కూర్చుంది. తిరిగొచ్చాక ఆవిడ చప్పుడు తగ్గింది. సాయంత్రం కంచంలో అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగింది.

"రేపు ఈ లైను మూసేస్తారటగా. నువ్వు సరేనన్నావటగా."

"నీళ్ళెక్కట్లేదక్కా."

"ఎలా ఎక్కుతాయిరా? నువ్వే కట్టేశావు కదా!"

"నేనా? ఆ వాల్వు నేను ముట్టుకోను."

"ముట్టుకున్నావు. నీ పెళ్ళాం పోయిన రోజున, అందరూ చూస్తుండగా, కీ తీసుకుని దిగి కట్టేసి వచ్చావు. దాని భుజం ఆ కుళాయి మీదే ఉందట కదరా. తర్వాత నువ్వు తెరవలేదు. నీకు కష్టంగా ఉంటుందని వీళ్ళంతా నోరు మూసుకుని నడిమి వీధి నుంచి మోస్తున్నారు. పిన్ని మోకాళ్ళు చూశావా నువ్వు?"

అతను ముద్ద చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. గుర్తు తెచ్చుకోబోయాడు. పీట గుర్తుంది. పాదాలకి తగిలిన నీళ్ళ చల్లదనం గుర్తుంది. మహారాణి అన్న మాట గుర్తుంది, అదైతే రోజూ గుర్తుంటోంది. భార్య మీద చివరిగా తనకి కలిగింది కోపం. ఆ తర్వాత ఇంకేమీ కలగలేదు.

"సరే" అన్నాడు.

"సరే ఏంట్రా సరే!" అని అక్క కంచం పక్కన చేత్తో కొట్టింది. అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుని లోపలికి వెళ్ళింది.

పొద్దున్న గుంట దగ్గరికి సూపర్‌వైజరు ముందే వచ్చాడు. వెంట తెచ్చిన ఇద్దరు మనుషులు ఇనప బిళ్ళని గట్టు మీద పెట్టి, దాని పక్కనే కూర్చుని టీ తాగుతున్నారు. పై వీధివాళ్ళు కొందరు మెట్ల మీద నిలబడ్డారు. దర్జీ పిన్ని తన గుమ్మంలోనే ఉంది, దిగలేకపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడైనా అనొచ్చు కదా అని నాకిప్పటికీ కోపమే.

అరచుట్టు ట్యాంకు తెరిచి వచ్చాడు. కిందిది సర్దాడు, నడిమిది సర్దాడు. కీ గోడకానించబోయి ఆగాడు.

"ఒక్కసారి చూడాలి సార్" అన్నాడు.

"చూడు, దానికేం."

మూడో వాల్వు మీద కీ పెట్టాడు. పూర్తిగా తెరిచి ఉన్న వాల్వు ఇంకా తెరుచుకోదు, కీ అక్కడే నిలబడిపోవాలి. అలా నిలబడిపోతే బాగుండునని అతనికి అనిపించింది. ఎన్నో నెలల తర్వాత అతనికి అనిపించిన మొదటి సంగతి అది. బలమంతా పెట్టి తెరిచే వైపు తోశాడు. తుప్పు కిర్రుమని, కీ తిరిగింది. ఇంకో అరచుట్టు తిప్పాడు. ఇంకోటి. తిరుగుతూనే ఉంది. లోపల గాలి బుస్సుమంది.

సూపర్‌వైజరు గుంటలోకి వంగాడు. "ఇదేంటి, మూసి ఉందా? ఎవరు మూశారు?"

"నేనే సార్" అన్నాడు అతను. "నేనే మూశాను."

ఆ తర్వాత కింది లైను నొక్కాడు, నడిమిది నొక్కాడు, మళ్ళీ కిందిది. చెయ్యి దానంతటదే పాత చోట్లు వెతుక్కుంది. కింది వీధిలో అప్పుడే సణుగుడు మొదలైంది. అతను తల ఎత్తి మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. టీ తాగేవాళ్ళు గ్లాసులు కింద పెట్టారు.

పైనుంచి బొంగురు గొంతుతో కేక వచ్చింది. దూరానికి మాటలు తెలియలేదు. దర్జీ పిన్ని దాన్ని అందుకుంది. మీసాల తాత అందుకున్నాడు. ఏం వింటే అదే అరవాలి కదా, పద్ధతి మరిచిపోలేదు మహానుభావులు. "ఒరేయ్ తమ్ముడూ, వచ్చిందిరోయ్!" అని తాత అరిచాడు. "ఒరేయ్ తమ్ముడూ, వచ్చిందిరోయ్!" అని కింద మెట్టు ఇంటావిడా అరిచింది, అతని కొడుకు వయసు కూడా లేనివాళ్ళూ అరిచారు. వీధి వీధంతా అతన్ని ఒరేయ్ తమ్ముడూ అని పిలిచింది.

"చాలా?" అన్నాడతను. అనాలనుకోలేదు, నోటికి అదే వచ్చింది. ఆ మాట మెట్లెక్కి వెళ్ళింది. జవాబు వెంటనే రాలేదు. అక్కకేం తెలుసు ఏం చెప్పాలో?

కాసేపటికి మళ్ళీ కేక బయల్దేరింది. ఈసారి పిన్ని దగ్గర అది కాస్త ఆగింది. తాత దగ్గర సన్నబడింది. కింద మెట్టు ఇంటావిడ అసలు అరవనే లేదు. మెట్లు దిగి గుంట గట్టు దాకా వచ్చి, నెమ్మదిగా చెప్పింది.

"బకెట్టు నిండిపోయిందట. కుళాయి కట్టెయ్యనా అని అడుగుతోంది మీ అక్క."

ఎవరినీ ఏదీ అడగని అక్క అడుగుతోంది. నిన్న కుళాయి తెరిచే ఉందని అక్క అన్నప్పుడు అతను విన్నాడు గానీ ఆలోచించలేదు. ఆ రోజు నుంచీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అంటే ఆ పొద్దున్న భార్య తిప్పి ఉంచిన కుళాయే అది. ఇప్పుడు బకెట్టులో పడుతున్నవి ఆవిడ పట్టుకుందామని కూర్చున్న నీళ్ళు. మొద్దు నిద్ర అన్నాడు తను.

కీ పట్టుకునే గుంటలో కూలబడిపోయాడు. పెద్దగా ఏడ్చాడు. సిగ్గు లేకుండా, సూపర్‌వైజరు ముందు, పరాయి మనుషుల ముందు, గొంతు పగిలేలా ఏడ్చాడు. ఎవరూ ఓదార్చడానికి దిగలేదు. కారే కుళాయి కనబడితే ముక్కూ మొహం తెలియనివాళ్ళతో తగువు పెట్టుకునే మనిషి, ఆ నీళ్ళని పోనిచ్చాడు. అవి వంటింట్లోంచి గదిలోకి, గదిలోంచి వీధిలోకి వచ్చి మెట్లు దిగడం మొదలుపెట్టాయి. పై వీధివాళ్ళు పక్కకి జరిగి దారి ఇచ్చారు. నీళ్ళు గుంట గట్టు దాకా వచ్చాక అతను లేచాడు.

"కట్టెయ్యమను" అన్నాడు.

ఆ మాట ఒకరి తర్వాత ఒకరు పైకి మోశారు. మెట్ల మీది నీళ్ళు సన్నబడి ఆగాయి. సూపర్‌వైజరు బిళ్ళని బండిలో పెట్టించాడు. కింది వీధి నుంచి ఒకావిడ ఖాళీ బిందె పట్టుకుని విసురుగా వచ్చింది కానీ, అతని ముఖం చూసి అక్కడే నిలబడిపోయింది.

"వస్తాయమ్మా, ఉండు" అని అతను చొక్కా చేత్తో ముఖం తుడుచుకుని, కింది లైను మీద కీ పెట్టి అరచుట్టు వదిలాడు.